చార్టులో డెబ్బై ఒకటి

మార్చి 3, సోమవారం

గది ఇచ్చేశాను.

రెండు కిటికీలున్న గది ఇంట్లో అదొక్కటే. మెషిన్‌కు గాలి కావాలట, తమ్ముడు బొమ్మలు చేసే కంప్యూటరుకు. తమ్ముడు అడగలేదు, నేనే ఇచ్చాను. నిజం చెప్పాలంటే అడిగాడు కూడా. "ఇరవయ్యేడు దాకానే పెద్దక్కా. నీ చాప జోలికి ఎవడూ రాడు" అన్నాడు. చాప జోలికి ఎవరూ రాలేదు. గోడ వారన మూడడుగులు నావి. మిగతాదంతా బల్ల, తెర, తీగలు.

ఇరవయ్యేడు ఉదయం పది గంటలకు వాడు నాలుగు నిమిషాల సినిమా అప్పగించాలి. ఒక ఆసుపత్రి భవనం. దానికింకా పునాది కూడా తవ్వలేదు. అయినా గేటు దగ్గర మొదలుపెట్టి పై అంతస్తు వార్డు దాకా మనం నడిచి వెళ్ళినట్టే ఉంటుంది. అడిగింది నిరుడు వాణ్ణి తీసేసిన డ్రాయింగు ఆఫీసే. చెప్పిన వేళకు నాలుగు నిమిషాలూ చేతిలో పెడితే ఉద్యోగం మళ్ళీ ఇస్తామన్నారు, ఈసారి పర్మనెంటు. నలభై నాలుగేళ్ళ వాడు పదమూడు నెలలుగా గడ్డం సంగతే పట్టించుకోలేదు. నిన్న నున్నగా గీసుకుని వచ్చి టీ అడిగాడు.

గది ఎంతలే.

మార్చి 4, మంగళవారం

లెక్క కాగితం మీద వేసి చూపించాడు. సినిమా అంటే ఒకదాని వెనక ఒకటి బొమ్మలు. మొత్తం అయిదు వేల ఏడు వందల అరవై. ఒక్కో బొమ్మకు మెషిన్ ఆరు నిమిషాలు తీసుకుంటుంది. అలా అయితే ఇరవైనాలుగు రోజులు. ఎల్లుండి ఉదయం మొదలుపెడితే మిగిలేవి ఇరవై ఒకటి. బొమ్మకు అయిదుంబావు నిమిషాలకు దింపాలి. అంటే బొమ్మలు తయారుచేసే ఆ గ్రాఫిక్స్ కార్డును దాని మామూలు వేగం కంటే పైకి తోలాలి. వేగం పెంచితే దానికి కరెంటు చాలదు, వోల్టేజి పెంచాలి. వోల్టేజి పెంచితే వేడి. వేడి మితిమీరితే కార్డు పోతుంది. ఉన్నది ఒక్కటే కార్డు.

"ఒక్కసారే పెంచేస్తే పోలా?" అన్నాడు. వాడి స్వభావమే అంత. చిన్నప్పుడు మందు సీసా కూడా ఒక్క గుక్కలో తాగేవాడు, త్వరగా తగ్గుతుందని.

రెండో వీధిలో టంకం మాస్టారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఒక కంటికి భూతద్దం, చేతిలో టంకం కర్ర. ఈ ఊళ్ళో సగం ఇళ్ళ రేడియోలు, మెషిన్లు ఆయన చేతిలో బతికాయి. నా ఉద్యోగం తెలుసు ఆయనకు. ముప్ఫై ఒక్క ఏళ్ళు వార్డుల్లో నర్సుగా చేశాను.

"ఇది మీ వార్డు పనే సిస్టరమ్మా," అన్నారు. "డోసు ఒక్కసారే గుప్పిస్తారా మీరు? పది పెంచు, అరగంట చూడు. పడిందా, దింపు. నిలబడిందా, అక్కడే ఉండు. పది మిల్లీవోల్టులు, అంతే. వంద దాటావంటే మాత్రం నా దగ్గరకు రాకు, దండ పట్టుకుని నేనే మీ ఇంటికొస్తా."

"వంద దాకా వెళ్ళనండీ," అన్నాడు తమ్ముడు.

"అందరూ అదే అంటారు. ఇంకొకటి విను. ఒకసారికి ఒక్కటే మార్చు. వోల్టేజి ముట్టుకున్ననాడు ఇంకోటి ముట్టుకోకు. రెండు మార్చావో, ఏది చంపిందో దేవుడికి కూడా తెలీదు."

బయటకు వచ్చేటప్పుడు నాతో మాత్రం అన్నారు: "చార్టు మీరు రాయండమ్మా. వాడికి ఇవ్వకండి."

మార్చి 5, బుధవారం

చార్టు గీశాను. పాత అలవాటు, స్కేలు పెట్టి. సమయం, వోల్టేజి, ఫ్యాన్, వేడి, సంతకం. పావుగంటకొక గడి. మెషిన్ కూడా గ్రాఫ్ గీస్తుందట కానీ, అది ఆగిపోతే గ్రాఫ్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే కాగితం.

పగలంతా పరీక్షలు. ముందు వేగం పెంచాడు. తెర నల్లబడింది. పది మిల్లీవోల్టులు ఇచ్చాడు. పద్దెనిమిది నిమిషాలు నిలబడి మళ్ళీ నల్లబడింది. ఇంకో పది. రెండు గంటలు నిలబడింది. ఇరవై దగ్గర ఆగాం. వేడి డెబ్బై ఒక డిగ్రీలు. బొమ్మకు అయిదుంబావు.

వాడు నన్ను ఎత్తుకున్నంత పని చేశాడు. "దింపరా, నడుము" అన్నాను.

ఉదయం అయిదు నుంచి తొమ్మిది దాకా వాడి నిద్ర, నా కాపలా. తెర మీద ఒక గీత, గీత మీద ఒక గుండీ. వేడి ఎనభై దాటితే గుండీ కుడికి జరపాలి, ఫ్యాన్ పెరుగుతుంది. ఎనభై అయిదైతే వాణ్ణి లేపాలి. రెండుసార్లు జరిపించి చూశాడు.

మార్చి 6, గురువారం

మొదలైంది.

చప్పుడు. ఆ ఫ్యాన్ ఊరికే తిరగదు, ఈల వేస్తుంది. ఆరూ అయిదుకు, నా ప్రార్థన వేళకు, చాప మీద కూర్చున్నాను. ఆరూ ఇరవై అయిదుకు లేచాను. ఆ మధ్యలో ఎవరికి దణ్ణం పెట్టానో తెలియదు.

మార్చి 7, శుక్రవారం

అదే.

వంటింట్లో కూర్చుని చూశాను. కాపలా వదిలేసి వెళ్ళినట్టుంటుందని మళ్ళీ వచ్చాను. గోడలో నుంచి కూడా వినబడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా రోజుకు ఇరవై నిమిషాలు నావి. మిగతా ఇరవైమూడు గంటల నలభై నిమిషాలు ఎవరు అడిగితే వాళ్ళకు ఇచ్చాను.

కోపం లేదు.

మార్చి 8, శనివారం

గుండీ ఎడమకు కూడా జరుగుతుంది.

ఇరవై నిమిషాలు. ఆరూ అయిదుకు తగ్గించాను, ఇరవై అయిదుకు మళ్ళీ ఉన్న చోటికి తెచ్చాను. ప్రార్థన కుదిరింది. చాలా రోజుల తరువాత కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

ఆరుంబావు గడి ఖాళీగా ఉండిపోయింది. కళ్ళు మూసుకుని ఉన్నానుగా. ఆరింటికి డెబ్బై ఒకటి, ఆరున్నరకు డెబ్బై రెండు. మధ్యలో డెబ్బై ఒకటి వేశాను. అంతే ఉంటుంది.

మార్చి 9, ఆదివారం

ఆరూ ఇరవైకి తెర నల్లబడింది. ప్రార్థనలో ఉన్నాను. గది మొత్తం నిశ్శబ్దమైపోతే అదేదో నా భక్తి అనుకున్నాను, ఒక్క నిమిషం.

ఆరుంబావు గడి నింపి తమ్ముణ్ణి లేపాను. కళ్ళు నులుముకుంటూ ముందు చార్టు చూశాడు. "డెబ్బై ఒకటే ఉంది. వేడి కాదు. వోల్టేజి చాలడం లేదు." ఇరవై నుంచి నలభైకి పెంచాడు. వోల్టేజి పెరిగింది కదా అని ఫ్యాన్ కూడా ఇంకాస్త పెంచాడు. మళ్ళీ బొమ్మ అంతా లోడు చేయడం, పరీక్ష, అరగంట, ఇంకో అరగంట. సాయంత్రం అయిదింటికి గానీ పని మొదలుకాలేదు. పదకొండు గంటలు పోయాయి.

నిన్న కూడా తగ్గించాను. నిన్న ఆగలేదు. కాబట్టి దానివల్ల కాదు.

మార్చి 10, సోమవారం

ఆగలేదు. తగ్గించినా ఆగలేదు.

మార్చి 11, మంగళవారం

ఆగింది. ఆరూ ఇరవై రెండు.

"ఇదేం శనిరా బాబూ, రోజంతా బుద్ధిగా ఉంటుంది, తెల్లారేసరికి చస్తుంది!" అని బల్ల మీద గుద్దాడు. ఇంటి కరెంటును తిట్టాడు. పక్కింటి నీళ్ళ మోటారును తిట్టాడు. "వాళ్ళు పొద్దున్నే మోటారు వేస్తారు అక్కా, అందుకే ఇక్కడ కరెంటు దిగుతుంది" అని వెళ్ళి వాళ్ళ తలుపు తట్టాడు. ఆవిడ చీపురు చేత్తోనే వచ్చింది. "మా మోటారు కాలి వారమైంది బాబూ, మేమే బిందెలతో మోసుకుంటున్నాం. మీ మెషిన్‌కు మా మోటారు ఏం అపకారం చేసింది?" అంది.

నవ్వొచ్చింది నాకు. తరువాత రాలేదు.

అరవైకి పెంచాడు. ఫ్యాన్ ఇంకాస్త.

మార్చి 12, బుధవారం

వార్డు బొమ్మ చూపించాడు, సినిమాలో చివరి నిమిషం. ఇంకా తయారు కాలేదు, గీతల్లోనే ఉంది. మంచాలు కిటికీకి ఎదురుగా వేశాడు. "రోగి కళ్ళలో ఎండ కొడుతుందిరా, పక్కకు తిప్పు. మంచానికీ మంచానికీ మధ్య బండి పట్టాలి. నర్సు బల్ల తలుపు దగ్గర కాదు, నడుమ వెయ్యి" అన్నాను. అన్నీ మార్చాడు. గోడకు చార్టు తగిలించే మేకు కూడా పెట్టాడు.

"ఇది నీ వార్డు పెద్దక్కా. నువ్వే మేట్రన్."

నిన్న రాత్రి నుంచి ఆగలేదు. ఉదయం తగ్గించాను, ఆగలేదు. అదీ రాయాలి కదా.

మార్చి 13, గురువారం

తగ్గించలేదు. చప్పుడులోనే కూర్చున్నాను. అది ప్రార్థన కాదు, బస్టాండు.

మార్చి 14, శుక్రవారం

ఆగింది. పన్నెండు గంటలు పోయాయి. ఎనభై.

ఆరుంబావు గడిలో డెబ్బై ఒకటి.

వార్డులో ఉండగా ఒక రాత్రి డ్యూటీ అమ్మాయి జ్వరం చూడకుండానే నలుగురి చార్టులు నింపింది. నలుగురికీ తొంభై ఎనిమిదిన్నర. అందరి ముందూ నిలబెట్టి అడిగాను, "థర్మామీటరు నీ కళ్ళలో ఉందా?" అని. ఆ అమ్మాయి ఏడ్చింది. నేను పొరపాటు చేశానని ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడూ అనుకోవడం లేదు. వాళ్ళు రోగులు, ఇది కార్డు.

ఎందుకు గుర్తొచ్చిందో.

మార్చి 15, శనివారం

ఆగలేదు.

మార్చి 16, ఆదివారం

ఆగలేదు. చూశావా.

మార్చి 17, సోమవారం

ఆగింది.

వంద.

మార్చి 18, మంగళవారం

చార్టు పట్టుకుని టంకం మాస్టారి దగ్గరకు వెళ్ళాం. తమ్ముడు కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాడు. ఆయన వినడం లేదు, చార్టు చూస్తున్నారు. భూతద్దం ఉన్న కంటితో చూశారు, తరువాత దాన్ని పైకి ఎత్తి మామూలు కంటితో చూశారు.

"ఈ ఆరుంబావు గడి భలే బుద్ధిమంతురాలు సిస్టరమ్మా. రోజూ ఒకటే అంకె. మిగతావన్నీ ఒకటి అటూ రెండు ఇటూ ఊగుతున్నాయి గానీ, ఇది మాత్రం పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కదలదు."

"పొద్దున చల్లగా ఉంటుంది," అన్నాను.

ఆయన చార్టు మడిచి నా చేతికిచ్చారు. తమ్ముడి వైపు తిరిగి, "వంద దగ్గర ఉన్నావు. ఇక నీకు పై మెట్టు లేదు. పడితే వేగం తగ్గించుకో, ఆలస్యం అయితే కానీ. వోల్టేజి మాత్రం ముట్టుకోకు" అన్నారు.

"ఆలస్యం అయితే ఉద్యోగం లేదండీ."

"కార్డు పోతే ఉంటుందా?"

తిరిగి వస్తున్నాం. వాడు లెక్కలు వేస్తున్నాడు, పెదవులు కదులుతున్నాయి. నేనూ ఒకటి అనుకున్నాను: రేపటి నుంచి తగ్గించను.

ఇవాళ ఉదయం తగ్గించాను. అది మాస్టారి దగ్గరకు వెళ్ళకముందు.

మార్చి 19, బుధవారం

తగ్గించాను. పది నిమిషాలే.

చెల్లెలు దిగింది, నడిమిది. వాళ్ళింటికి రంగులు వేస్తున్నారట, ఆ వాసన పడదట. నాలుగు రోజులు ఉంటుంది. గుమ్మంలోనే తమ్ముడి మొహం చూసి, "ఒరేయ్, నువ్వు మెషిన్‌ను నడిపిస్తున్నావా, మెషిన్ నిన్ను నడిపిస్తోందా? కళ్ళేంట్రా, ఉడికిన కోడిగుడ్లలా ఉన్నాయి?" అంది.

"నువ్వు ఇవ్వాళే రావాలా చిన్నక్కా?"

"ముందే చెప్పుంటే నిన్ననే వచ్చేదాన్ని."

చాలా రోజులకు వాడు నవ్వాడు. పడుకోవడానికి చోటు లేక చెల్లెలికి నా గదిలోనే కిటికీ కింద పరుపు వేశాను. మెషిన్ గదిలో. ఆ చప్పుడులో నిద్ర పట్టదని చెప్పాను. "మా ఆయన గురక ముందు ఇదెంత?" అంది.

మార్చి 20, గురువారం

ఆగింది. ఆరూ పద్దెనిమిది.

తమ్ముడు లేచి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. తిట్టలేదు. అది బాగాలేదు. ఈ అయిదుసార్లకూ కలిపి యాభై అయిదు గంటలు పోయినట్టేనన్నాడు. ఇక ముందు ఒక్కసారి కూడా ఆగకుండా నడిచినా సరిపోదు, వేగం కూడా ఇంకాస్త పెంచాలి. వోల్టేజి గుండీ మీద చెయ్యి వేశాడు. వంద దాటించాడు. నూట పది. నూట ఇరవై.

"వంద దాటొద్దన్నారు కదరా" అన్నాను.

"మరేం చెయ్యమంటావు?" చార్టు తీసి నా ముందు పెట్టాడు, ఆరుంబావు గడి మీద వేలు. "చూడు. నువ్వు రాసిందే. డెబ్బై ఒకటి. వేడి ఉంటే దాన్ని చూసి ఆగేవాణ్ణి. లేదు కదా! ఎనభై ఉంటే ఫ్యాన్ సంగతి చూసేవాణ్ణి. డెబ్బై ఒకటి దగ్గర పడుతోందంటే వోల్టేజి చాలకే పడుతోంది. ఇంకేం ఉంది? నీ చార్టు తప్పైతే చెప్పు."

గొంతు పెంచలేదు. నా చార్టు తప్పు కావడం అనేది వాడి ఊహలోకి కూడా రాలేదు. మాట వరసకు అన్నాడు.

"టీ పెడతాను" అన్నాను.

మార్చి 21, శుక్రవారం

తగ్గించకూడదనే కూర్చున్నాను. నూట ఇరవైకి తగ్గట్టు వాడు ఫ్యాన్ పూర్తిగా పెంచాడు. గదిలో విమానం. సగం తగ్గించాను. సగమే.

ఆరూ ఇరవైకి కళ్ళు తెరిచాను, ఎందుకో. ఆసుపత్రి గోడ మీద ఆకుపచ్చ చుక్కలు. మశూచి పోసినట్టు. ఒకటి, పది, గోడంతా. తరువాత తెర నల్లబడింది.

కిటికీ కింద పరుపు మీద చెల్లెలు మోచేయి మీద లేచి కూర్చుని ఉంది. ఎప్పటి నుంచో.

"నువ్వు దాన్ని తగ్గించావు కదూ."

"నువ్వు పడుకో."

"నిన్న కూడా తగ్గించావు. నువ్వు కళ్ళు మూసుకోగానే ఈ గది కూడా కళ్ళు మూసుకుంది. ఆహా, మా అక్కయ్య భక్తికి మెషిన్లు కూడా ఊరుకుంటాయి అనుకున్నా. మీకిద్దరికీ ఏదో ఒప్పందం ఉందనుకున్నా. వాడికి తెలీదా?"

నేను చాప చుట్టసాగాను.

"అక్కయ్యా, నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

"చెబుతాను."

తమ్ముణ్ణి లేపాను. మళ్ళీ మొదలుపెట్టి చూశాడు, చుక్కలు. వోల్టేజి వందకు దింపాడు, చుక్కలు. మొదటి రోజు ఉన్న చోటికి దింపాడు, చుక్కలు. అసలు ఏమీ పెంచకుండా పెట్టాడు. రెండు మూడు చుక్కలు. వేగం మామూలు కంటే కూడా కిందకు తెస్తే చుక్కలు పోయాయి. అప్పుడు బొమ్మకు ఆరున్నర నిమిషాలు. వాడు దాన్నే చూస్తూ కూర్చున్నాడు, తడి బట్టలా.

చెప్పలేదు.

మార్చి 22, శనివారం

వార్డు నియమం ఒకటుంది. చార్టులో తప్పు రాస్తే చెరపకూడదు, దిద్దకూడదు, కాగితం చింపకూడదు. తప్పు మీద ఒక్క గీత కొట్టి, అది కనబడుతూ ఉండగానే, పక్కన నిజం రాసి సంతకం పెట్టాలి.

ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఎనిమిదో తేదీ నుంచి ఇరవయ్యో తేదీ దాకా, పదమూడు వదిలేసి, పన్నెండు గడులు. పన్నెండు డెబ్బై ఒకట్ల మీదా గీతలు కొట్టాను. పక్కన నిజం రాయాలి. నిజం ఎంతో నాకు తెలియదు. ఎనభై అయి ఉండొచ్చు, తొంభై అయి ఉండొచ్చు. కళ్ళు మూసుకున్నాను కదా.

"చూడలేదు" అని రాశాను. పన్నెండు సార్లు. పక్కన పన్నెండు సంతకాలు. ఫ్యాన్ గడిలో "తగ్గించినది నేను" అని. ఇరవై ఒకటో తేదీ గడి ఖాళీగా ఉంది, అక్కడ "సగం తగ్గించాను" అని రాశాను. రాస్తుంటే ఆ "సగం" నాకే అసహ్యం వేసింది. దాన్ని కొట్టివేయలేదు. నియమం.

వాడి ముందు పెట్టాను.

మొదట అర్థం కాలేదు వాడికి. తరువాత ఒక్కో గడి మీదా వేలు పెడుతూ కిందకు వచ్చాడు. తొమ్మిది దగ్గర ఆగాడు. పదకొండు. పద్నాలుగు. పదిహేడు. ఇరవై. చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది.

"చప్పుడుకా?" అన్నాడు చివరికి.

"ప్రార్థనకు."

"ఎన్ని నిమిషాలు?"

"ఇరవై."

వాడు లెక్క వేశాడు. వాడి అలవాటు, ఆపుకోలేడు. "ఇరవై ఒక్క రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు. మొత్తం ఏడు గంటలు." తల ఎత్తాడు. "ఆపమంటే ఆపేవాణ్ణి కదా పెద్దక్కా. పని ఆపితే ఫ్యాన్ కూడా దానంతటదే ఆగుతుంది. ఒక్క గుండీ. ఆ ఏడు గంటలకు ఇంకో పది మిల్లీవోల్టులు ఇచ్చి సర్దుకునేవాణ్ణి. ఇన్నేళ్ళలో నన్ను ఒక్కటి అడిగావా నువ్వు? ఒక్కసారి నోరు తెరిచి, ఒరేయ్ ఇది నాకు కావాలి అన్నావా?"

"నీ పనికి అడ్డం కాకూడదని..."

"అడ్డం కాకుండా ఎంత బాగా చేశావు!"

అరిచాడు. నా మీద వాడు అరవడం ఇదే మొదటిసారి. చెల్లెలు "ఒరేయ్" అంది. వాడు చార్టు మడిచి జేబులో పెట్టుకుని బయటకు వెళ్ళిపోయాడు.

కోపం ఉంది నాకు. పంతొమ్మిది రోజులుగా ఉంది. గది అడిగిన రోజు నుంచి.

మార్చి 23, ఆదివారం

మెషిన్ నడుస్తోంది. ఆరున్నర నిమిషాలకు ఒక బొమ్మ. వాడు నాతో మాట్లాడడం లేదు. కాపలా కూడా అడగలేదు, నిద్ర మానేసి వాడే కూర్చున్నాడు.

చెల్లెలు వెళ్ళిపోయింది. వెళ్తూ, "ఇంకో మూడు రోజులు ఉందామనుకున్నా గానీ, మా ఇంటి రంగు వాసనే నయం" అంది. రిక్షా ఎక్కాక మళ్ళీ దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

మార్చి 25, మంగళవారం

వంటింట్లో ప్రార్థన. కుదరలేదు. మెషిన్ వినబడుతూనే ఉంది, ఇప్పుడది నెమ్మదిగానే తిరుగుతోంది.

మార్చి 27, గురువారం

ఉదయం తొమ్మిదిన్నరకు ఆపేశాడు. మూడు నిమిషాల తొమ్మిది సెకన్లు. గేటు, మెట్లు, మందుల గది, రెండో అంతస్తు నడవా. నడవా చివర తలుపు తెరుచుకుంటూ ఉండగా అయిపోతుంది. ఆ తలుపు అవతలే వార్డు.

గడ్డం గీసుకుని తీసుకెళ్ళాడు.

మార్చి 29, శనివారం

ఫోన్ వచ్చింది. వాడు నడవాలో నిలబడి మాట్లాడాడు. నేను బట్టలు మడుస్తున్నాను, మడిచినవే మడుస్తున్నాను.

"లేదు సార్... కార్డు పాతదేం కాదు. వోల్టేజి ఎక్కువ ఇచ్చాను. నా తప్పే సార్. తొందరపడ్డాను... లేదండీ, ఇంట్లో ఎవరూ కాదు, మెషిన్ నేనొక్కణ్ణే ముట్టుకుంటాను... అలాగే సార్. అర్థమైంది. కొత్తగా చేరేవాళ్ళకు నా శుభాకాంక్షలు చెప్పండి."

ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చారు. సినిమా మాత్రం ఉంచుకుంటారట.

నేను గుమ్మంలోకి వెళ్ళి, "అబద్ధం ఎందుకు చెప్పావు?" అన్నాను.

"నూట ఇరవైకి జరిపింది నా చెయ్యే కదక్కా. మాస్టారు వద్దన్నారు. నువ్వూ వద్దన్నావు. అది అబద్ధం కాదు." ఫోన్ జేబులో పెట్టుకుని, "మిగతాది వాళ్ళకు అక్కర్లేదు" అన్నాడు.

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. చూడు, ఇక్కడ కూడా అడగలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

మాస్టారు వచ్చారు. దండ తేలేదు. కార్డు తిప్పి తిప్పి చూసి, "బతుకుతుంది. పరుగు మాత్రం పెట్టదు. ఇక దీన్ని తోలకండి" అన్నారు. టీ తాగుతూ ఆరుంబావు గడి మాట ఎత్తలేదు. ఆ రోజే ఆయనకు తెలుసని ఇప్పుడు నాకు తెలుసు. ఆయన తెలిసీ ఊరుకున్నారని కోపం వచ్చింది. ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక ఆయన మీద పెట్టుకున్నాను, కప్పు కడిగేంతసేపు.

ఏప్రిల్ 4, శుక్రవారం

తమ్ముడికి చిన్న పని దొరికింది. ఒక బట్టల దుకాణం లోపలి బొమ్మలు, ముప్ఫై సెకన్లు. గడువు తొందర లేదు, వోల్టేజి పెంచే పని లేదు. నిన్న సాయంత్రం కొత్త కాగితం ఒకటి నా ముందు పెట్టాడు. ఖాళీ కాగితం, పక్కన స్కేలు.

"పొద్దున కాపలా ఎవరు మరి?" అన్నాడు, ఎటో చూస్తూ.

గీశాను.

ఈ ఉదయం ఆరింటికి డెబ్బై మూడు. వాడు ఇంకా పడుకోలేదు, బల్ల దగ్గరే ఉన్నాడు. ఆరూ అయిదుకు చాప పరిచాను. కూర్చోలేదు. నిలబడే ఉన్నాను. యాభై ఆరేళ్ళు నాకు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పెద్ద పెద్ద డాక్టర్లను నిలదీశాను.

"ఒరేయ్. ఇరవై నిమిషాలు దాన్ని ఆపుతావా? నాకు కావాలి" అన్నాను.

వాడు వెనక్కి తిరగలేదు. చెయ్యి చాపి ఒక గుండీ నొక్కాడు. ఈల సన్నబడి సన్నబడి ఆగిపోయింది. వాడు లేచి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

కూర్చున్నాను. అంత నిశ్శబ్దం. ఒక్క మాట రాలేదు నాకు. ఇరవై నిమిషాలూ గోడ చూస్తూ కూర్చున్నాను.

చార్టులో రాశాను: 6:05, ఆపమని అడిగాను. 6:15, యాభై రెండు. చూశాను. 6:25, నడిపించాడు.

ప్రార్థన కుదరలేదు. అది చార్టుకు సంబంధించింది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. రేపు మళ్ళీ అడగాలి.